అరటి లైను వదిలి బూడిద బల్కర్ ఎక్కితే మేలేనా? జీతం, ఇల్లు, పని పరిస్థితులు ఎలా బేరీజు వేయాలి?

ప్రశ్న: లైన్ డ్రైవర్, ప్రొద్దుటూరు

అనుభవం ఉన్న డ్రైవర్లకు, ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల్లో పనిచేసేవారికి, డ్రైవర్ల ఇళ్లలోని వారికి నమస్కారం. నేను పన్నెండు చక్రాల లారీ నడుపుతున్నాను. సీజనులో పులివెందుల అరటి గానీ, అనంతపురం చీనీకాయలు గానీ ఢిల్లీకి తీసుకుపోయి, అక్కడ దొరికిన తిరుగు లోడుతో హైదరాబాదుకో బెంగళూరుకో వచ్చి, మళ్లీ లోడింగుకు చేరుకోవడం నా పని. ఓనరు ట్రిప్పుకు ఇంత అని మాట్లాడి ఇస్తాడు. డీజిలు, టోలు ఆయన చూసుకుంటాడు. దారిలో నా తిండి, స్నానం, టీ ఖర్చులు నేనే పెట్టుకోవాలి. మంచి నెలల్లో 32,000 రూపాయల దాకా వస్తుంది, కాయ లేని నెలల్లో బాగా పడిపోతుంది. నెలలో ఇరవై అయిదు రోజుల వరకు బండి మీదే గడుస్తాయి. ఏ రోజు ఇంటికి చేరతానో ముందుగా చెప్పగలిగే వీలు లేదు.

ఇప్పుడు నా ముందు మరో రెండు దారులు ఉన్నాయి. ఒకటి, ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం నుంచి తాడిపత్రి వైపు సిమెంటు ఫ్యాక్టరీలకు బూడిద తోలే బల్కర్, అంటే పొడి సరుకును మూసిన ట్యాంకులో మోసే లారీ. కాంట్రాక్టరుకు నలభై దాకా బండ్లు ఉన్నాయి. నెలకు 20,000 జీతం, పనిచేసిన రోజుకు 200 బత్తా ఇస్తామంటున్నారు. చాలా రాత్రులు ఇంట్లోనే పడుకోవచ్చునని అక్కడ పనిచేసేవారు చెబుతున్నారు. పీఎఫ్, ఈఎస్ఐ ఉంటాయని మాటవరుసకు అన్నారు గానీ కాగితం ఏదీ చూపలేదు. రెండోది కువైట్. మా బావమరిది అక్కడే ఉన్నాడు, ఇంటి డ్రైవరు వీసా చూస్తానంటున్నాడు.

ఇంట్లో భార్య, బడికి వెళ్లే ఇద్దరు పిల్లలు, షుగరుతో బాధపడుతున్న మా అమ్మ ఉన్నారు. పొదుపు సంఘం కంతులు కట్టాలి. ప్రస్తుత ఓనరు దగ్గర 40,000 అడ్వాన్సు తీసుకుని ఉన్నాను. బల్కర్‌కు మారితే నెలకు ఏడు వేల దాకా తగ్గుతుందని నాకు లెక్క తేలుతోంది. ఆ ఏడు వేలు వదులుకుని ఇంటి దగ్గర ఉండడం తెలివైన పనేనా, లేక పిల్లల చదువులు ఒక దారికి వచ్చేదాకా లైను మీదే ఉండాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. బూడిద పని ఊపిరితిత్తులకు చేటు అని కూడా అంటున్నారు. చేరే ముందు కాంట్రాక్టరును ఏమేమి అడగాలో తెలిసినవారు దయచేసి వివరంగా రాయండి.

జవాబు: పాత డ్రైవర్, గుత్తి

తమ్ముడూ, ఒక నెల జీతం పక్కన ఇంకో నెల జీతం పెట్టి చూస్తే మీకు సరైన సమాధానం దొరకదు. డ్రైవరు పనిని గంటల్లో కొలవాలని నా గట్టి అభిప్రాయం. స్టీరింగు పట్టుకున్న గంటలు మాత్రమే లెక్కపెట్టకండి. లోడింగు కోసం తోట దగ్గర కాచుకున్న సమయం, పట్టా కప్పి తాళ్లు బిగించిన సమయం, మండీ గేటు బయట వరుసలో నిలబడిన సమయం, తిరుగు లోడు కోసం ట్రాన్స్‌పోర్టు ఆఫీసు ముందు పడిగాపులు పడిన సమయం, ఇవన్నీ కలపండి. బండి ఆగి ఉంది కాబట్టి డ్రైవరు విశ్రాంతి తీసుకుంటున్నాడని ఓనర్లు అంటుంటారు. ఎప్పుడు పిలుస్తారో తెలియక, బండి వదిలి పోలేక, ఎండలో క్యాబిన్‌లో కూర్చోవడాన్ని విశ్రాంతి అనడం న్యాయం కాదు.

మీరు చెప్పిన అంకెలతోనే లెక్క వేస్తాను. ఇరవై అయిదు రోజులు బయట ఉంటున్నారు. కాచుకునే సమయంతో కలిపి రోజుకు పద్నాలుగు గంటలు అనుకుంటే నెలకు 350 గంటలు. 32,000లో దారి తిండికి, స్నానానికి, టీకి రోజుకు 300 చొప్పున తీసేస్తే 7,500 పోయి 24,500 మిగులుతుంది. అంటే గంటకు 70 రూపాయలు. ఇక బల్కర్ సంగతి చూడండి. ఇరవై ఆరు రోజులు పనిచేస్తే 20,000కు 5,200 బత్తా కలిసి 25,200 వస్తుంది. ఇంటి నుంచి క్యారియరు తీసుకుపోతారు కాబట్టి బయటి ఖర్చు రోజుకు 100 అనుకుందాం; 2,600 తీసేస్తే 22,600. రోజుకు పదకొండు గంటల చొప్పున 286 గంటలకు పంచితే గంటకు 79 రూపాయలు. మీరు ఏడు వేలు తగ్గుతుందని అనుకున్నది ఇంటికి చేరే డబ్బులో రెండు వేలకు మించి తేడా చూపడం లేదు, అది కూడా మీ మంచి నెలతో పోల్చినప్పుడు. కాయ లేని నెలతో పోలిస్తే బల్కర్‌దే పైచేయి. నేను వేసిన గంటలు మీకు సరిపోకపోవచ్చు, కాబట్టి ఒక ట్రిప్పు పొడుగునా చిన్న పుస్తకంలో మీ గంటలు మీరే రాసుకుని ఈ లెక్క మళ్లీ వేయండి.

చట్టం ఏమి చెబుతుందో కూడా తెలిసి ఉండాలి. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం డ్రైవరుకు రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పని అని నిర్ణయించింది. దూరపు దారుల్లో అనుమతితో పెంచినా రోజుకు 10 గంటలు, వారానికి 54 గంటలు దాటకూడదని కూడా అందులోనే ఉంది. ఆ చట్టాన్ని 2020లో తెచ్చిన వృత్తి భద్రత కోడ్‌లో కలిపేశారు గానీ, రోజుకు ఎనిమిది గంటలన్న మూలసూత్రం అలాగే ఉంది. మన దగ్గరి నుంచి ఢిల్లీ దాదాపు రెండు వేల కిలోమీటర్లు. లోడు బండి గంటకు సగటున నలభై కిలోమీటర్లు పోతుందనుకుంటే, పది గంటల లెక్కన రోజుకు నాలుగు వందలు, మొత్తం అయిదు రోజుల ప్రయాణం. మీ ఓనరు ఎన్ని రోజుల్లో చేరాలంటున్నాడో మీకు తెలుసు. ఆ తేడా అంతా మీ నిద్రలో నుంచే కోత పడుతోంది.

ఈ తొందర ప్రభుత్వ కాగితాల వల్ల వచ్చినది కాదని గమనించండి. సరుకుతో పాటు ఉండవలసిన జీఎస్టీ రవాణా పత్రం, ఈ-వే బిల్లు, 2021 జనవరి నుంచి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున చెల్లుతుంది కాబట్టి ఢిల్లీకి పది రోజుల గడువు ఉంటుంది. 2017లో జీఎస్టీ వచ్చాక రాష్ట్రాల సరిహద్దుల్లోని వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశారు, ఫాస్టాగ్ వచ్చాక టోల్‌గేట్ల దగ్గర నిలబడడమూ తగ్గింది. అమకతాడు, కాసేపల్లి, మరూరు టోల్‌గేట్ల దగ్గర ఒకప్పుడు పోయిన సమయం ఇప్పుడు పోవడం లేదు. ఇలా మిగిలిన సమయం డ్రైవరు నిద్రకు రావలసింది. అది కాయ వ్యాపారి చేతికి పోయింది, ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. అరటి రంగు తిరగకముందే చేరాలి, వేలం సమయానికి బండి మండీలో ఉండాలి, లేకపోతే కిరాయిలో కోత పెడతారు. పైగా ఢిల్లీలోకి పగటిపూట భారీ వాహనాలను రానివ్వరు కాబట్టి, తెల్లవారుజామున కొద్దిగా ఆలస్యమైనా ఆ పగలంతా శివార్లలోనే నిలబడాలి. అందుకే కాయ బండి డ్రైవరు కర్నూలు దాటినప్పటి నుంచి గడియారం చూస్తూనే ఉంటాడు. సిమెంటు, బండలు, ఇనుము తోలేవారికి ఇంత ఒత్తిడి ఉండదు. లైను మీదే ఉండదలిస్తే కనీసం సరుకు మార్చుకోండి.

జవాబు: ట్రాన్స్‌పోర్టు గుమాస్తా, తాడిపత్రి

నేను సిమెంటు, బూడిద బండ్ల లెక్కలు చూసే పనిలో ఉన్నాను. పెద్దాయన చెప్పిన గంటల లెక్కను ఒప్పుకుంటూనే, బల్కర్ వైపు ఉన్న ఇబ్బందులను కూడా చెప్పకపోతే మీకు అన్యాయం చేసినట్టవుతుంది.

అన్నిటికన్నా ముందు బత్తా సంగతి తేల్చుకోండి. 'పనిచేసిన రోజుకు 200' అన్న మాటలో 'పనిచేసిన రోజు' అంటే ఏమిటో అడగాలి. సైలో (బూడిద నిల్వ ఉంచే ఎత్తయిన ట్యాంకు) కింద వరుసలో నిలబడి రాత్రికి గానీ లోడు కాని రోజును వారు పని రోజుగా రాస్తారా, రాయరా? ఆ థర్మల్ కేంద్రం మొత్తం సామర్థ్యం 1,650 మెగావాట్లు. అన్ని యూనిట్లూ నడుస్తుంటే బూడిదకు కొదవ ఉండదు. విద్యుత్ గిరాకీ తగ్గి గానీ, మరమ్మతుల కోసం గానీ యూనిట్లు ఆపితే బూడిద తగ్గుతుంది, లోడు కోసం నిలబడే బండ్ల వరుస పెరుగుతుంది. సిమెంటు ఫ్యాక్టరీ కిల్న్ (బట్టీ) ఆపినప్పుడు అవతలి వైపు కూడా ఖాళీ చేసుకోరు. బూడిద రవాణా ఎవరిదన్న తగాదాలు వచ్చి బండ్లు రోజుల తరబడి నిలిచిపోయిన సందర్భాలు ఈ ప్రాంతంలో అందరికీ తెలిసినవే. అటువంటి రోజుల్లో జీతం పూర్తిగా ఇస్తారా అన్నది నోటిమాటతో సరిపెట్టుకోకుండా రాయించుకోండి. మీ ప్రస్తుత పనిలో కాయ లేని నెల ఎటువంటిదో, బల్కర్‌కు యూనిటు ఆగిన వారం అటువంటిది.

రెండో మాట పీఎఫ్, ఈఎస్ఐ గురించి. కనీసం ఇరవై మంది పనిచేసే సంస్థకు పీఎఫ్, కనీసం పది మంది ఉంటే ఈఎస్ఐ వర్తిస్తాయి కాబట్టి, నలభై బండ్లు నడిపే కాంట్రాక్టరు తనకు అవి వర్తించవని చెప్పడానికి వీలు లేదు. పీఎఫ్‌ను 15,000 మీద లెక్కించినా నెలకు 1,800 మీ జీతంలో నుంచి, మరో 1,800 ఆయన జేబులో నుంచి కట్టాలి. ఆయన కట్టే దాంట్లో 1,250 పింఛను ఖాతాకు పోతుంది. పదేళ్ల సర్వీసు నిండితే ఆ పింఛనుకు అర్హత వస్తుంది. ఈఎస్ఐకి జీతం పరిమితి నెలకు 21,000. 20,000 మీద మీ వాటా 0.75 శాతం, అంటే నూట యాభై రూపాయలు. దానితో మీ భార్యాపిల్లలకే గాక మీ మీద ఆధారపడిన మీ అమ్మకు కూడా వైద్యం అందుతుంది. షుగరు మందుల ఖర్చు నెలకు ఎంత అవుతోందో మీకు తెలుసు కాబట్టి దాన్ని కూడా ఈ వైపు లెక్కలో వేసుకోండి. చేరిన మొదటి నెలలోనే పీఎఫ్ ఖాతాకు సంబంధించిన యూఏఎన్ నంబరు తీసుకుని, డబ్బు పడుతోందో లేదో ఫోన్‌లో మీరే చూసుకోవచ్చు. జీతంలో కోత పెట్టి ఖాతాలో కట్టనివారు కూడా ఉన్నారు, అందుకే ఇంతగా చెబుతున్నాను.

ఇక పని సంగతి. బల్కర్‌లో లోడింగు సులువు; పట్టా, తాళ్లు, హమాలీలతో బేరం ఏమీ ఉండదు. అన్‌లోడింగు మాత్రం చాలావరకు డ్రైవరు చేతి మీదే జరుగుతుంది. పైపు తగిలించి, కంప్రెసర్‌తో ట్యాంకులోకి గాలి ఎక్కించి, ఆ ఒత్తిడితో బూడిదను సైలో పైకి పంపిస్తారు. గేజీ ముల్లు మీద ఒక కన్ను, పైపు జాయింటు మీద ఒక కన్ను ఉంచాలి. క్లాంపు సరిగా పడకపోతే ఒత్తిడికి పైపు ఊడి మనిషి మీదికి విసురుగా వస్తుంది. లోపలి గాలి పూర్తిగా వదిలేసి ముల్లు సున్నాకు వచ్చిందని చూసుకోకుండా పైమూత బోల్టులు విప్పకూడదు. మూత ఎగిరి మొహానికి తగిలితే ప్రాణం మీదికి వస్తుంది. ట్యాంకు పైకి ఎక్కేటప్పుడు పట్టుకోవడానికి రైలింగు ఉందో లేదో, మెట్ల మీద బూడిద పేరుకుని జారుతుందో లేదో చేరే ముందు ఆ బండి దగ్గరికి వెళ్లి మీరే చూడండి. కంప్రెసర్ మోతకు చెవులు దిబ్బళ్లు పడతాయి, చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు అడగండి.

బూడిద ఊపిరితిత్తులకు మంచిది కాదన్న మాట నిజమే. అది పిండి కన్నా మెత్తగా ఉంటుంది, అందులో సిలికా ఉంటుంది. ముక్కుకు తువాలు కట్టుకుంటే ఆ సన్నని ధూళి ఆగదు. ఎన్95 రకం మాస్కు కావాలి, దాన్ని తరచుగా మార్చాలి. పైపు విప్పేటప్పుడు, ట్యాంకు శుభ్రం చేసేటప్పుడు ఎక్కువ ధూళి వస్తుంది కాబట్టి ఆ రెండు పనుల్లో గాలివాలుకు నిలబడకుండా చూసుకోండి. మాస్కులు కంపెనీ ఇస్తుందా, ఏడాదికి ఒకసారి ఛాతీ పరీక్ష చేయిస్తుందా అని అడగడానికి మొహమాటపడవద్దు.

ప్రమాదం జరిగితే ఎవరు నిలబడతారన్నది ఏ ఉద్యోగంలో అయినా అడగవలసిన ప్రశ్న. భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను మొదటి భాగం ప్రకారం, నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోతే అయిదేళ్ల దాకా శిక్ష పడవచ్చు. పాత చట్టంలో అది రెండేళ్లే. చెప్పకుండా పారిపోయిన డ్రైవరుకు పదేళ్లు అన్న రెండో భాగాన్ని, 2024 జనవరిలో డ్రైవర్ల సమ్మె తరువాత, అమలు చేయకుండా ఆపి ఉంచారు. అయినా గాయపడిన వారికి వైద్యం అందేలా చూడడం, పోలీసులకు తెలియజేయడం డ్రైవరు బాధ్యత అని మోటారు వాహనాల చట్టం ఎప్పటి నుంచో చెబుతోంది. కేసు అయ్యాక బండిని ఓనరు నాలుగు రోజుల్లో విడిపించుకుంటాడు, కోర్టుకు ఏళ్ల తరబడి తిరిగేది డ్రైవరే. వకీలు ఖర్చు, వాయిదాకు పోయిన రోజు బత్తా ఎవరివో ముందే మాట్లాడుకోండి. అధిక లోడు విషయం కూడా ఇటువంటిదే. మోటారు వాహనాల చట్టం 194వ సెక్షను కింద 20,000, ఆపైన ప్రతి టన్నుకు 2,000 జరిమానా ఓనరు కట్టుకోవచ్చు గానీ, లైసెన్సు సస్పెండయితే ఇంట్లో కూర్చునేది మీరే. కాటా చీటీలో బరువు ఎక్కువగా కనబడితే గేటు దాటించనని మొదటి రోజే మర్యాదగా చెప్పి పెట్టండి.

జవాబు: డ్రైవరు ఇల్లాలు, కడప

అన్నా, మా ఆయన కూడా లైన్ మీద చాలా ఏళ్లు నడిపి, ఇప్పుడు ఎర్రగుంట్ల నుంచి సిమెంటు తోలుతున్నారు. ఇంటివైపు నుంచి కొన్ని విషయాలు చెప్పాలనిపించింది.

ఇంట్లో ఉండే రోజుల సంఖ్య కన్నా, ఏ రోజు ఇంట్లో ఉంటారో ముందుగా తెలియడం మాకు ఎక్కువ ఉపయోగపడింది. లైను మీద ఉన్నప్పుడు నెలకు అయిదారు రోజులు ఇంట్లో ఉన్నా, ఆ రోజులు ఎప్పుడు వస్తాయో తెలియకపోవడం వల్ల ఆసుపత్రికి, బడిలో తల్లిదండ్రుల సమావేశానికి, బ్యాంకు సంతకానికి, పెళ్లిళ్లకు, చావులకు నేనొక్కదాన్నే పోయేదాన్ని. వచ్చిన రోజు కూడా ఆయనకు నిద్ర తీరేసరికి ఫోను మోగేది. పిల్లలను పలకరించేలోపే లోడింగుకు పోవాలి. ఇప్పుడు ఆదివారం సెలవు రాసి పెట్టారు. ఆ ఒక్క రోజు కచ్చితంగా ఉంటుందని తెలిశాక మా అత్తగారి షుగరు పరీక్షల నుంచి పొలం కౌలు మాటల దాకా అన్నీ ఆ రోజుకు సర్దుకోగలుగుతున్నాము. మీరు కాంట్రాక్టరును 'రోజూ ఇంటికి రావచ్చా' అని అడిగితే 'రావచ్చు' అనే అంటారు. వారపు సెలవు ఏ రోజు, దానికి జీతం కోత ఉంటుందా, రాత్రి డ్యూటీ ఎన్ని రోజులకు ఒకసారి మారుతుంది అని విడమరచి అడగండి. రాత్రంతా సైలో కింద ఉండి పగలు ఇంట్లో పడుకుంటే ఇంటికి వచ్చినట్టు లెక్కే గానీ, పిల్లలు బడి నుంచి వచ్చేసరికి మీరు మళ్లీ బయలుదేరుతూ ఉంటారు.

ఇంకొకటి అడ్వాన్సు. మీ 40,000 గురించి మీరు ఒక్క వాక్యంతో సరిపెట్టారు గానీ నాకు అదే పెద్ద విషయంగా కనబడింది. ఓనరు అడ్వాన్సు ఇచ్చేటప్పుడు ప్రేమగా ఇస్తాడు, మానేస్తామన్నప్పుడు లైసెన్సు గానీ ఆధార్ గానీ తన దగ్గర పెట్టుకుని డబ్బు కట్టి పొమ్మంటాడు. కొత్త కాంట్రాక్టరు దగ్గర అడ్వాన్సు తీసుకుని పాత ఓనరుకు కట్టేస్తే, పని నచ్చకపోయినా అక్కడి నుంచి కదలలేరు. మేము సంఘంలో అంతర్గత అప్పు తీసుకుని పాత బాకీ తీర్చి, కొత్త చోట ఒక్క రూపాయి కూడా ముందు తీసుకోకుండా చేరాము. అందుకే మొదట చేరిన చోట బత్తా ఎగ్గొడుతుంటే మానేసి వేరే బండికి మారగలిగాము. మీ ఇంటావిడ సంఘంలో ఉన్నారు కాబట్టి ఆమెతో కూర్చుని మాట్లాడండి. ఈ నిర్ణయం ఆమెకు చెప్పి చేసేది కాకుండా ఆమెతో కలిసి చేసేదైతే బాగుంటుందని చెల్లెలిగా నా మాట.

జవాబు: కువైట్ నుంచి తిరిగి వచ్చిన డ్రైవర్, కడప

కువైట్ మీద చాలామంది ఆశపడతారు, మా వీధిలోనే ఇంటికొకరు పోయి ఉన్నారు. పోవద్దని చెప్పను, కానీ మీరు అడిగిన మూడు కొలతల్లో ఇంటి దగ్గర ఉండడం అన్నది అక్కడ లేనట్టేనని ముందే అనుకోవాలి. సాధారణంగా రెండేళ్లకు ఒకసారి సెలవు.

ఇంటి డ్రైవరు వీసాను అక్కడ 20 నంబరు వీసా అంటారు. కంపెనీ వీసా 18 నంబరు. 20 మీద పోయినవారు ఇంటి పనివారి కిందికి వస్తారు. కారు నడపడంతో పాటు సామాన్లు తేవడం, పిల్లలను దింపడం, అర్ధరాత్రి పిలిచినా లేవడం ఉంటాయి. మీకు ఉన్న భారీ వాహనాల అనుభవానికి అక్కడ విలువ ఉండదు. మన లైసెన్సుతో నేరుగా నడపనివ్వరు, అక్కడి లైసెన్సు తీసుకోవాలి. బావమరిది పంపే వీసా అయినా కాగితంలో జీతం ఎంత రాసి ఉందో, సెలవు ఎప్పుడో, తిరుగు టికెట్టు ఎవరిదో చూడండి. ఏజెంటు ద్వారా అయితే విదేశీ ఉద్యోగాలకు ప్రభుత్వం నడిపే ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో నమోదైన వాడేనా అని వెతకండి. ఏజెంటు తీసుకోదగిన ఫీజు 30,000, దాని మీద జీఎస్టీ మాత్రమే. లక్షలు అడిగేవాడి గుమ్మం తొక్కవద్దు. పదో తరగతి పాస్ కాకపోతే పాస్‌పోర్టు మీద ఎమిగ్రేషన్ క్లియరెన్సు కావాలి, ఆ దారిలో పోతే ప్రవాసీ భారతీయ బీమా కూడా వస్తుంది. టూరిస్టు వీసా మీద పంపుతామనే వారిని అసలే నమ్మకండి.

మీ అమ్మగారి ఆరోగ్యం గురించి రాశారు కాబట్టి ఒక్క మాట. అక్కడ యజమాని ఒప్పుకుంటేనే అత్యవసరంగా రాగలుగుతాము. తండ్రి పోయిన వార్త తెలిసి కూడా సమయానికి రాలేకపోయిన వారిని నేను చూశాను.

ప్రశ్న అడిగిన వ్యక్తి: లైన్ డ్రైవర్, ప్రొద్దుటూరు

అందరికీ చేతులెత్తి నమస్కారం. గంటల లెక్క మా ఇంటావిడకు చదివి వినిపించాను. అడ్వాన్సు సంగతి చెల్లెమ్మ చెప్పినట్టే సంఘంలో అడిగి చూస్తామని ఆమె అంటున్నారు. కువైట్ ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టాను. గుమాస్తా అన్నగారిని రెండు విషయాలు అడగాలి. కాంట్రాక్టరు నియామక పత్రం ఇవ్వడం తమకు అలవాటు లేదంటే ఏమి చేయాలి? బండికి ఏసీ క్యాబిన్ తప్పనిసరి అయిందని విన్నాను. వేసవిలో సైలో దగ్గర నిలబడడం తలుచుకుంటేనే భయంగా ఉంది, అది అడగవచ్చా?

జవాబు: ట్రాన్స్‌పోర్టు గుమాస్తా, తాడిపత్రి

ఏసీ నియమం 2025 అక్టోబరు 1 నుంచి తయారైన బండ్లకే వర్తిస్తుంది. మీకు ఇచ్చే బండి అంతకు ముందుదైతే చట్టం పేరుతో అడగలేరు. కానీ నలభై బండ్లలో కొత్తవి ఉంటాయి, చేరేటప్పుడే ఏ బండి ఇస్తారో అడిగి దాని ఆర్సీలో తయారైన నెల చూడండి. పాత బండే అయితే ఫ్యాన్లు రెండు పనిచేస్తున్నాయా, పైకప్పుకు వేడి ఆపే షీటు ఉందా అని చూసుకోండి. లోడింగు దగ్గర తాగునీళ్లు, నీడ, మరుగుదొడ్డి ఉన్నాయో లేదో ఒక మధ్యాహ్నం పూట అక్కడికి వెళ్లి వరుసలో ఉన్న డ్రైవర్లనే అడగండి. ఆఫీసులో చెప్పే మాట కన్నా వారి మాట నమ్మకం.

నియామక పత్రం ఇవ్వబోమని వారంటే, గొడవ పెట్టుకోకుండా మీరు మాట్లాడుకున్న విషయాలన్నీ కాంట్రాక్టరుకో, ఆయన సూపర్‌వైజరుకో వాట్సాప్‌లో తెలుగులోనే రాసి పంపండి. జీతం ఇంత, బత్తా ఇంత, బండి ఆగిన రోజుకు ఇంత, వారపు సెలవు ఫలానా రోజు, పీఎఫ్, ఈఎస్ఐ ఫలానా నెల నుంచి, ప్రమాదం కేసు ఖర్చులు కాంట్రాక్టరువి అని రాసి, 'ఇలాగే మాట్లాడుకున్నాము కదా సార్' అని అడగండి. వారు సరే అని జవాబిస్తే అది మీ దగ్గర ఉంటుంది. జీతం చేతికి కాకుండా బ్యాంకు ఖాతాలో వేయమనండి, ఏ నెల ఎంత పడిందో దానిలోనే కనబడుతుంది. ఈ రెంటికీ ఒప్పుకోని వారి దగ్గర చేరవద్దు. తాడిపత్రి, ఎర్రగుంట్ల, కొలిమిగుండ్ల చుట్టూ ఇన్ని సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి, హెవీ లైసెన్సు ఉన్న మంచి డ్రైవరు కోసం వెతుకుతున్న ఆఫీసులు ఇంకా ఉన్నాయి.